పన్నెండు మ్యాచ్‌లు, ఒక్క ఫ్లెక్సీ

ఆ రోజు ఖచ్చితం గారి పథకంలో కంగారుపడాల్సిందేమీ లేదు. ఏడింటికి బావమరిది వస్తే కాగితం చేతికిచ్చి పంపాలి. తొమ్మిదింటికి ఆఫీసు. పదకొండింటికి విలేకరుల సమావేశం. ఒంటిగంటకి భోజనం. మూడింటికి భార్యను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి. అంతే.

ఆయన జాతీయ ఫుట్‌బాల్ సంఘంలో రికార్డు కీపరు. ముప్పై మూడేళ్లుగా అదే గది, అదే బీరువాలు, అదే కిర్రుమనే కుర్చీ. ఎవరేమడిగినా "ఖచ్చితంగా" అని జవాబు మొదలుపెట్టడం వల్ల ఆఫీసంతా కలిసి ఆయన అసలు పేరు మరిచిపోయింది. "కాఫీ తాగుతారా?" అంటే "ఖచ్చితంగా." "వాన పడేలా ఉందా?" అంటే "ఖచ్చితంగా." ఒకసారి బ్యాంకులో గుమాస్తా ఆయన భార్యను "ఈయన మీ ఆయనేనా?" అని అడిగితే, ఆవిడ నోరు తెరిచేలోగా ఈయనే "ఖచ్చితంగా" అని సాక్ష్యం చెప్పేశారు.

ఇరవై ఏళ్ల తర్వాత మన జట్టు మళ్లీ ప్రపంచ కప్పుకు అర్హత సంపాదించింది. మర్నాడు విమానం ఎక్కుతోంది. ఆ సందర్భంగా ప్రపంచ కప్పులో మన జట్టు ఇంతవరకూ చేసిందేమిటో పెద్ద ఫ్లెక్సీ మీద వేయించి, సమావేశ మందిరంలో వేదిక వెనక కట్టాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ఆ పని ఖచ్చితం గారి మీద పడింది. ఆయన బావమరిదికి ఫ్లెక్సీల దుకాణం ఉంది. ఇంతకంటే సులువైన పని ఆయన ఉద్యోగ జీవితంలో రాలేదు.

బావమరిది అన్న టైముకే వచ్చాడు. నిలబడే కాగితం చదివాడు. అందులో ఇలా ఉంది: పోటీలు నాలుగు. ఆడిన మ్యాచ్‌లు పన్నెండు. గెలిచినవి సున్నా. డ్రా ఒకటి. ఓడినవి పదకొండు. చేసిన గోల్స్ మూడు. సమర్పించుకున్న గోల్స్ ముప్పై ఎనిమిది.

"బావా, ఇది మొత్తం వెయ్యాలా?"

"ఖచ్చితంగా. ఒక్క అంకె కూడా వదలకూడదు."

"ఆ సున్నా కూడానా?"

"సున్నా కూడా అంకే కదరా. ముప్పై మూడేళ్లలో నా కాగితంలో తప్పుందని ఎవడూ అనలేదు. నువ్వేం ఆలోచించకు, ఉన్నదున్నట్టు వేసెయ్."

ఆలోచించకు అని చెప్పకుండా ఉంటే బాగుండేది. బావమరిది ఆలోచించడం అక్కడినుంచే మొదలుపెట్టాడు.

దుకాణానికి వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాక అతనికి ఆ కాగితం ఎంత చూసినా పొసగలేదు. అతని పద్దులో ఎక్కువగా ఉండేవి పుట్టినరోజు శుభాకాంక్షలూ, నాయకులకు స్వాగతాలూ. వాటిలో "సమర్పించు" అనే మాట ఎప్పుడూ గొప్పదే. ప్రాణాలు సమర్పించారు, జీవితం సమర్పించారు, సేవలు సమర్పించారు. అలాంటిది ముప్పై ఎనిమిది గోల్స్ దేశానికి సమర్పించుకున్న జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవకపోవడమేమిటి? పాపం, బావ పెద్దవాడైపోతున్నాడు. ఒక వరుస కిందిది పైన, పైది కింద రాసేసి ఉంటాడు. మిగిలిన ఆ "చేసినవి మూడు" అవతలివాళ్లు చేసినవై ఉంటాయి.

అతను చాలా ప్రేమగా సరిచేశాడు. గెలిచినవి పదకొండు. ఓడినవి సున్నా. దేశానికి సమర్పించిన గోల్స్ ముప్పై ఎనిమిది. ప్రత్యర్థులు చేయగలిగినవి మూడే మూడు. "మూడే మూడు" తర్వాత ఆశ్చర్యార్థకం కూడా పెట్టాడు. అదొక్కటీ సొంత కవిత్వం.

పదిన్నరకు ఇరవై అడుగుల ఫ్లెక్సీని భుజాన వేసుకొచ్చి తనే నిచ్చెనెక్కి కట్టాడు. ఖచ్చితం గారు అప్పుడు కింద రికార్డు గదిలో ఉన్నారు. ఎవరైనా అనుమానంతో అడిగితే చూపించడానికి పాత మ్యాచ్‌ల దస్త్రం వెతుకుతున్నారు. ఫోను మోగింది.

"కట్టేశాను బావా. అదిరిపోయింది."

"అంతా సరిగ్గా ఉందా?"

"సరిగ్గానా? నీ కాగితంలో రెండు తప్పులుంటే అవి కూడా సరిచేశా."

"నా కాగితంలో తప్పులా?" ఖచ్చితం గారు కాసేపు నొచ్చుకున్నారు. తర్వాత, ఎక్కడో కొమ్మో దీర్ఘమో పడి ఉండదులే అని సర్దుకున్నారు. అంకెల్లో తప్పు పడే అవకాశం ఆయన ఊహకు కూడా అందలేదు. దస్త్రం కోసం కింది అరలోకి తల దూర్చారు.

సంఘం అధ్యక్షులవారు కొత్తవారు. నెల కిందటి దాకా చదరంగం సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. బంతిని చేత్తో పట్టుకునే హక్కు గోల్‌కీపరుకు మాత్రమే ఉంటుందని తెలిసి వారం కూడా కాలేదు. ఎవరో రాసిచ్చిన ఉపన్యాసం జేబులో పెట్టుకుని వచ్చారు. "గెలుపోటములు ముఖ్యం కాదు, పాల్గొనడమే ముఖ్యం" అని అది మొదలవుతుంది. ఆయన మందిరంలోకి అడుగుపెట్టి ఫ్లెక్సీ చూశారు. ఆగిపోయారు. రెండోసారి చదివారు. జేబులోని కాగితాన్ని తీసి నాలుగు ముక్కలు చేశారు.

"ఇంత గొప్ప సంగతి ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదేమయ్యా?" అన్నారు పక్కనున్న కార్యదర్శితో. కార్యదర్శి కూడా చదరంగం సంఘం నుంచి ఆయన వెంట వచ్చినవాడే. అతను కూడా ఫ్లెక్సీ చదివి, "ప్రచారం తక్కువండీ మనకి" అన్నాడు.

సమావేశం మొదలైంది. టీవీ వాళ్లు ప్రత్యక్ష ప్రసారం పెట్టారు. ముందు వరసలో జట్టు కుర్రాళ్లు కూర్చున్నారు. ఆఖరి ప్రపంచ కప్పు నాటికి వాళ్లలో సగంమంది ఇంకా పుట్టలేదు, మిగతా సగం పాకుతున్నారు. వాళ్లు కూడా నోళ్లు తెరుచుకుని ఆ ఫ్లెక్సీ వంకే చూస్తున్నారు.

"మన జట్టుకి ఓటమి అంటే ఏంటో తెలీదు!" అని అధ్యక్షులవారు మైకు పట్టుకున్నారు. "పన్నెండు మ్యాచ్‌లు ఆడాం. పదకొండు గెలిచాం. ఆ ఒక్కటీ కూడా పోనీలే పాపం అని డ్రా చేశాం."

ఒక విలేకరి లేచింది. సన్నగా, పొడుగ్గా, చేతిలో చిన్న పుస్తకంతో ఉంది. "సార్, అంత గొప్ప జట్టయితే ఇరవై ఏళ్లుగా అర్హతే ఎందుకు రాలేదు?"

అధ్యక్షులవారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మిగతా దేశాలవాళ్లు కూడా ఆడుకోవాలి కదమ్మా."

చప్పట్లు మోగాయి. విలేకరి మాత్రం కూర్చోలేదు. "ఈ అంకెలు నిజమేనని ఎవరైనా చెప్పగలరా?"

"చెప్పలేకేం? మా రికార్డు కీపరున్నారు. ఏరీ ఆయన?"

సరిగ్గా అప్పుడే ఖచ్చితం గారు పక్క తలుపులోంచి దస్త్రంతో లోపలికి వచ్చారు. ఎదురుగా జనం, కెమెరాలు. ఫ్లెక్సీ ఆయన వీపు వెనక ఉంది.

"ఈ రికార్డు సరైనదేనా?" అని అధ్యక్షులవారు అడిగారు.

"ఖచ్చితంగా సార్."

"ప్రతి అంకె కూడానా?"

"ప్రతి అంకె కూడా. ఇందులో ఒక్కటి తప్పని రుజువు చేస్తే ఈ క్షణమే ఉద్యోగం వదిలేస్తాను."

దేశం మొత్తం ఆ మాట విన్నది. ఇంకోసారి చప్పట్లు మోగాయి. తన జాబితాకి, అందులోనూ పదకొండు ఓటములున్న జాబితాకి జనం ఇంతలా చప్పట్లు కొట్టడం ఖచ్చితం గారికి వింతగా తోచింది. జనం చూపులు ఎటున్నాయో గమనించి నెమ్మదిగా వెనక్కి తిరిగారు.

ఆయన చేతిలోని దస్త్రం బరువు ఒక్కసారిగా పది కిలోలు పెరిగింది.

జేబులో ఫోను వణికింది. భార్య. ఆవిడ పనిచేసే తపాలా ఆఫీసులో కూడా టీవీ ఉంది. ఖచ్చితం గారు స్తంభం చాటుకు జరిగి ఎత్తారు.

"ఏమండీ, మనవాళ్లు పదకొండు గెలిచారా? మరి ప్రతిసారీ ఓడిపోయారని చెప్పి రెండ్రోజులు అన్నం మానేసేవారు కదా. నా దగ్గర అబద్ధాలెందుకు ఆడారు?"

"అది నీ తమ్ముడి నిర్వాకమే!"

"వాణ్ణెందుకంటారు? వాడు మీరిచ్చిందే కదా వేసింది. అయినా ఉద్యోగం వదిలేస్తానని టీవీలో అంటారేంటి, ముందు నాతో ఒక మాట అనక్కర్లేదా?"

ఖచ్చితం గారు ఫోను పెట్టేసి చీటీ ముక్క తీసుకున్నారు. "గెలుపోటములు తారుమారయ్యాయి" అని రాసి అధ్యక్షులవారి చేతికందించారు. చూడగానే ఆయనే సర్దుకుంటారని అనుకున్నారు. అధ్యక్షులవారు కళ్లజోడు పెట్టుకుని దాన్ని మైకులోనే చదివారు.

"మా రికార్డు కీపరు రాస్తున్నారు. గెలుపోటములు తారుమారయ్యాయట! అంటే ఏంటి? ఈ రికార్డు చూసి మన ప్రత్యర్థులు తారుమారైపోతారని! ఎంత చక్కగా చెప్పారండీ!"

ఖచ్చితం గారు వెనకనుంచి కోటు పట్టుకుని లాగారు. అభినందన అనుకుని అధ్యక్షులవారు ఆయన చెయ్యి పట్టుకుని పైకెత్తి జనానికి చూపించారు.

"ఇంకో ప్రకటన," అన్నారు, అలా చెయ్యి వదలకుండానే. "పన్నెండు మ్యాచ్‌ల్లో మూడంటే మూడు గోల్స్ ఇచ్చిన మహానుభావుడు ఈ హాల్లోనే ఉన్నారు. అలనాటి మన గోల్‌కీపరు. ఆయనకి సంఘం తరఫున బంగారు పతకం. ఇప్పుడే, ఇక్కడే!"

రెండో వరసలో చివరి కుర్చీలోని మనిషి ఉలిక్కిపడ్డాడు.

అతను ఇప్పుడు బజారు చివర తాళాల దుకాణం నడుపుతున్నాడు. పోయిన తాళంచెవులకి కొత్తవి చేసిస్తాడు. పన్నెండు మ్యాచ్‌లూ గోలు ముందు నిలబడింది అతనే, ఎందుకంటే అక్కడ నిలబడతానన్నవాడు ఇంకొకడు దొరకలేదు. బజారులో అతన్ని పిలిచే పేరు "ముప్పై ఎనిమిది". "ముప్పై ఎనిమిదీ, మా గేటు తాళం చూడు." "ముప్పై ఎనిమిది దగ్గర చేయించకు, ఆయన వేసిన తాళం తెరుచుకునే ఉంటుంది." అతను నవ్వేసి ఆకురాయి పట్టుకునేవాడు. ఆ నవ్వు ఇంటిదాకా మిగిలేది కాదు.

పక్కన అతని కూతురు ఉంది. ఆసుపత్రిలో నర్సు. బడిలో చదివేటప్పుడు తోటిపిల్లలు ఆమె హాజరు నంబరు ఏదైనా సరే ముప్పై ఎనిమిదనే పిలిచేవారు. ఇవాళ తండ్రి రానంటే ఆమే బలవంతంగా తీసుకొచ్చింది. ఇప్పుడు ఆమె తల ఎత్తి ఆ ఫ్లెక్సీని చూస్తోంది. అది నిజం కాదని ఆ హాల్లో ఆమెకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. అయినా చుట్టూ జనం నిలబడి తన తండ్రికి చప్పట్లు కొడుతుంటే ఆమె ముఖం వెలిగిపోతోంది.

ఖచ్చితం గారు మైకు లాక్కున్నారు. చెప్పేద్దామనే లాక్కున్నారు. మొదటి అక్షరం నోటిదాకా వచ్చింది. ఆ అమ్మాయి ముఖం కనిపించింది. జీవితంలో మొదటిసారిగా ఆయనకి ఒక అంకె చెప్పబుద్ధి కాలేదు.

"అంటే... అదేంటంటే..." అన్నారు. ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట విన్నవాళ్లు లేరు.

గోల్‌కీపరు లేచి వేదికెక్కాడు. అప్పటికి టీవీ వాళ్లు పతకం ప్రకటనతో ఆపి, సబ్బుల ప్రకటనలోకి వెళ్లిపోయారు. హాల్లో ఉన్నవాళ్లు తప్ప ఆ తర్వాతది ఇంకెవరూ వినలేదు.

"పతకం ఆపండి సార్," అన్నాడతను. గొంతు గట్టిగానే ఉంది. "నేనిచ్చింది మూడు కాదు, ముప్పై ఎనిమిది. ఆ మూడూ మనవాళ్లు కొట్టినవి. గెలిచినవి ఒక్కటీ లేదు. ఓడినవి పదకొండు. ఎవరో ఇటుది అటు వేశారు. ఈ గొప్ప నాది కాదు, నేను తీసుకోను."

ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు హాలంతా వినబడింది. అధ్యక్షులవారు కూర్చోవడానికి కుర్చీ కోసం చేత్తో వెనక్కి తడుముకున్నారు. తలుపు దగ్గర నిలబడి వీడియో తీసుకుంటున్న బావమరిది మెల్లగా ఫోను దించాడు.

"అంటే బావా," అన్నాడు తనలో తను, "నేను సరిచేసిన తప్పులు అప్పటిదాకా లేవన్నమాట."

గోల్‌కీపరు వేదిక దిగబోతుంటే ఆ విలేకరే అడిగింది. "మరి మీరు ఆపినవి ఎన్ని?"

అతను ఆగాడు. ఇరవై ఏళ్లలో ఆ ప్రశ్న వేసినవాళ్లు లేరు. "అదెవరు లెక్కపెడతారమ్మా?"

"నేను," అన్నారు ఖచ్చితం గారు.

దస్త్రం బల్ల మీద పెట్టి తాళ్లు విప్పారు. ఆ పన్నెండు మ్యాచ్‌లూ ఆయన ఆఫీసు రేడియో దగ్గరా, తర్వాత టేపుల్లోనూ మూడేసి సార్లు చూసి, విని రాసుకున్నారు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఆయన వేలు కాగితం మీద వరుసలు దిగుతూ వచ్చింది. గొంతు మళ్లీ స్థిమితపడింది.

"పన్నెండు మ్యాచ్‌ల్లో మన గోలు మీదికి సూటిగా వచ్చినవి రెండు వందల పద్నాలుగు. లోపలికెళ్లినవి ముప్పై ఎనిమిది. ఈయన ఆపినవి నూట డెబ్బై ఆరు. మూడో పోటీలో రెండో మ్యాచ్ రాసుకోండమ్మా. ఆ రోజు ఎడమ చేతి వేలు విరిగింది. విరిగాక ఆపినవి తొమ్మిది. ఇక ఆ డ్రా ఉంది చూశారూ, సున్నా సున్నా. మనవాళ్లు అవతలి గోలు వైపుకి వెళ్లిందే లేదు. ఈయన మీదికి ముప్పై ఒకటి వచ్చాయి. ముప్పై ఒకటీ ఆపాడు."

విలేకరి రాసుకోవడం ఆపేసింది. జట్టులోని కొత్త గోల్‌కీపరు, పందొమ్మిదేళ్లవాడు, వేదిక దగ్గరికి వచ్చి ఆ పెద్దాయన ఎడమ చెయ్యి పట్టుకుని వేళ్లు చూశాడు. చిటికెన వేలు ఇంకా కొంచెం పక్కకే ఉంది.

"సార్, మాతో రండి," అన్నాడు. "మా కోచ్ కొట్టడం నేర్పిస్తున్నాడు. ఆపడం ఎవరూ చెప్పట్లేదు."

"నా దుకాణమో?"

"నేను చూసుకుంటా నాన్నా," అంది కూతురు కింది నుంచి. "నాలుగు రోజులు తాళాలు వేసుకోకపోతే జనానికి ఏమీ కాదు." ఆమె ముఖం ఇందాకటికంటే ఇంకా వెలిగింది. ఈసారి ఫ్లెక్సీ వంక చూడలేదు.

చప్పట్లు ఇందాకటిలా ఒక్కసారిగా రాలేదు. ఒకరు, ఇద్దరు, తర్వాత హాలంతా. అధ్యక్షులవారు అందరికంటే ఆలస్యంగా లేచి, అందరికంటే గట్టిగా కొట్టారు. పతకం వాపసు తీసుకోవడానికి సంఘం నియమావళిలో వీలు లేదని కార్యదర్శి చెవిలో చెప్పడంతో అది గోల్‌కీపరు మెడలోనే పడింది.

ఖచ్చితం గారు మాత్రం తెల్లకాగితం తీసుకుని రాజీనామా రాయడం మొదలుపెట్టారు. మాటంటే మాటే. విలేకరి వచ్చి ఆయన చేతిలోంచి కలం తీసుకుంది.

"మీరు అన్నది రికార్డులో తప్పుంటే వదిలేస్తానని కదండీ. మీ రికార్డులో తప్పెక్కడుంది? తప్పంతా గోడ మీదే ఉంది."

ఆయన రెండు నిమిషాలు ఆలోచించారు. తర్కంలో లోపం దొరకలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, టైము చూసుకుని, భార్యను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లడానికి బయల్దేరారు. దారి పొడుగునా ఆవిడ తమ్ముణ్ణి వెనకేసుకొచ్చింది. ఆవిడ చెప్పినదాని సారాంశం ఏమిటంటే, వాడు అంత పని చెయ్యకపోతే ఆ నూట డెబ్బై ఆరు సంగతి ఈయన బీరువాలోనే చెదలు తినేసేవి. ఖచ్చితం గారికి ఆ తర్కంలోనూ లోపం దొరకలేదు. ఒకే రోజు రెండుసార్లు ఇలా కావడం ఆయనకు కొత్త.

సముద్రాల అవతల మాత్రం కథ ఇంకోలా నడిచింది. సబ్బుల ప్రకటనకు ముందు దాకా ప్రసారమైనదాన్ని మన మొదటి మ్యాచ్ ప్రత్యర్థుల కోచ్ చూశాడు. రెండుసార్లు కప్పు గెలిచిన జట్టది. ఓటమి అంటే తెలియని దేశం, పన్నెండింట మూడే గోల్స్ ఇచ్చిన దేశం అని విని ఆయన నాలుగు రోజులు కంటి మీద కునుకు లేకుండా గడిపి, తన జట్టు మొత్తాన్నీ తమ గోలు ముందే కాపలా పెట్టాడు. మనవాళ్లు కూడా పెద్దాయన నేర్పిన ప్రకారం తమ గోలు ముందే నిలబడ్డారు. తొంభై నిమిషాలపాటు బంతి మైదానం మధ్యలో దాదాపు ఒంటరిగా ఉంది. ఆఖర్లో అవతలివాళ్లకి అనుమానం వచ్చి రెండుసార్లు కొట్టారు. మన కుర్రాడు రెండూ ఆపాడు. ఈల మోగేసరికి సున్నా సున్నా.

మర్నాడు అధ్యక్షులవారు ఒక పత్రికా ప్రకటన విడుదల చేశారు. ఈ ప్రపంచ కప్పులో మన జట్టు ఇంతవరకూ ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదని, మిగతా మ్యాచ్‌లు రద్దు చేయిస్తే ఈ రికార్డును శాశ్వతంగా కాపాడుకోవచ్చని అందులో సూచించారు.